మసక చేసిన మొహం

పండు తలుపు తియ్యలేదు.

పొద్దున పేపరు వచ్చిన దగ్గర్నుంచి ముందుగదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. కాఫీకి రాలేదు. స్నానానికి రాలేదు. వరండాలో సగం వీధి పోగయ్యిందని తెలిసీ లోపల కిక్కురుమనడం లేదు.

"ఒరేయ్ పండూ! బయటికి రారా! మీ అక్క పేపర్లో వేసిన ఫొటో దొంగదని నువ్వే చెప్పు వీళ్ళకి. అక్కడ యుద్ధం చేసి వచ్చినవాడివి, నీకు తెలియనిది ఇంకెవరికి తెలుస్తుంది?"

ఆ గొంతు తండ్రిది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడిపిల్లలకి డ్రిల్లు నేర్పిన మనిషి. ఇప్పటికీ వీధిలో అందరికీ ఆయన డ్రిల్లు మాస్టారే. ఇంట్లో ఉప్పందుకోమన్నా మైదానంలో వరస సరిచేస్తున్నట్టే ఉంటుంది. సెలవు మీద ఇంటికొచ్చిన సైనికుడి తండ్రినన్న గర్వం ఒకటి, అదే ఇంట్లోంచి సైనికుల పరువు తీసే ఫొటో వెళ్ళిందన్న ఉక్రోషం ఒకటి, రెండూ కలిసి ఆయన్ని కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

వంటింటి గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. పత్రికాఫీసులో ఫొటోల విభాగం ఆమెది. ఏ బొమ్మ వెయ్యాలో, ఎంత పెద్దదిగా వెయ్యాలో తేల్చేది ఆమే కాబట్టి అక్కడ అందరూ బొమ్మలక్కయ్య అంటారు. ఇంట్లో మాత్రం ఒట్టి అక్కయ్య.

పేపరు వరండాలో స్టూలు మీద పరిచి ఉంది. సగం కట్టిన గోడ ముందు ఒక మనిషి చచ్చి పడి ఉన్నాడు. చేతులు వెనక్కి విరిచి కట్టి ఉన్నాయి. నోట్లో ఎవరో సిగరెట్టు కుక్కారు. చుట్టూ నలుగురు మన సైనికులు. ముగ్గురు నిలబడి ఉన్నారు. నాలుగోవాడు ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చుని, లైటరుతో ఆ సిగరెట్టు వెలిగిస్తున్నాడు. ఆ నలుగురి మొహాలూ మసక చేసి ఉన్నాయి.

చచ్చినవాడి మొహం మాత్రం స్పష్టంగా ఉంది. రెప్పలు సగం తెరుచుకుని.

"మా పిల్ల పొద్దున్నే చూసేసిందండీ," అన్నాడు ఎదురింటాయన. "ఆయన నిద్రపోతూ సిగరెట్టు కాలుస్తున్నాడా అని అడిగింది. ఏం చెప్పను? పేపరన్నాక నలుగురిళ్ళలోకీ వెళుతుంది. కాస్త వెనకా ముందూ చూసుకోవద్దూ?"

"చూసుకునే వేశామండీ," అంది అక్కయ్య. "జరిగింది జనానికి తెలియాలి కదా."

"జరగలేదు!" అని గర్జించాడు తండ్రి. "అసలు జరగలేదు. ఒకవేళ జరిగినా వెయ్యకూడదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మనవాళ్ళు ప్రాణాలకి తెగించి అక్కడుంటే, వీళ్ళు ఏసీ గదుల్లో కూర్చుని వాళ్ళ మీద బురద జల్లుతారా? అందులో నా కూతురా? అమ్మాయీ, నీ తమ్ముడు కూడా ఆ బట్టలే వేసుకుంటాడే! ఆ మాటైనా గుర్తు రాలేదా నీకు?"

అక్కయ్య చూపు ముందుగది తలుపు మీదికి వెళ్ళింది.

వెనక నుంచి మరదలు ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాగింది. పండు భార్య. మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"వదినా, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ కూర్చున్నది ఈయనే కదూ?"

"మొహం కనబడటం లేదు కదా, నీకెలా..."

"మొహం దేనికి వదినా? పెళ్ళయిన కొత్తలో స్టవ్వు బాగుచేస్తానని అలాగే కూర్చునేవారు. ఒక మోకాలు కింద పెట్టి, మెడ అలా పక్కకి వంచి." పట్టుకున్న చెయ్యి వదిలేసింది. "నువ్వు చూసే వేశావు. అవునా?"

"అవును."

"మరి ఎందుకు వేశావు? వేసినదానివి మొహం ఎందుకు కప్పావు?"

రెండు ప్రశ్నలకీ అక్కయ్య దగ్గర ఒకటే జవాబుంది. అది పైకి చెప్పుకునేది కాదు.

నిన్న సాయంత్రం ఆ ఫొటో ఆఫీసుకి వచ్చినప్పుడు తెర మీద పెద్దది చేసి చూసింది. ముందు లైటరు పట్టుకున్నవాడి నవ్వు కనబడింది. ఆ తర్వాత తమ్ముడు కనబడ్డాడు. ఆపేద్దామా అనుకుంది. ఆపితే ఇన్నాళ్ళూ తను చేసిన ఉద్యోగం ఉత్తుత్తిదే అవుతుంది. వేస్తే ఇంట్లో తలెత్తుకోలేదు. మీటింగులో ఎడిటరు, "మొహాలతో సహా వేద్దాం," అన్నప్పుడు ఆమే నోరు విప్పింది. "విచారణైనా జరక్కముందే మొహాలు బయటపెట్టడం పద్ధతి కాదు సార్," అంది. లాయరు తలూపాడు. ఎడిటరు కాసేపు ఆలోచించి, "నువ్వుండబట్టి సరిపోయింది, లేకపోతే తొందరపడేవాళ్ళం," అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు ఒంటికి జిడ్డులా అంటుకుంది. పొద్దున స్నానం చేసినా పోలేదు.

ముందుగది గడియ తీసిన చప్పుడైంది.

పండు బయటికి వచ్చాడు. గడ్డం పెరిగి, లుంగీ మీద నలిగిన బనీను. వరండాలో గుసగుసలు ఆగిపోయాయి. తండ్రి కొడుకు భుజం మీద చెయ్యి వేసి, అందరి వైపూ తిప్పి నిలబెట్టాడు.

"చెప్పరా. మనవాళ్ళు ఇలాంటి పని చేస్తారా?"

పండు స్టూలు మీది పేపరు వైపు చూడలేదు. గుమ్మంలోకి వచ్చిన అక్క వైపు ఒక్కసారి చూశాడు.

"చెయ్యరు," అన్నాడు. "దొంగ ఫొటో అది. ఎవరో అల్లారు. నేనక్కడే ఉన్నాను. అలాంటిదేం జరగలేదు."

ఎదురింటాయన ఆ మాటల్ని ఫోన్లో తీస్తున్నాడని అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు.

"విన్నావా!" అన్నాడు తండ్రి కూతురితో. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "విన్నావా అమ్మాయీ?"

అందరూ అక్కయ్యనే చూస్తున్నారు. కాదంటే, నీకెలా తెలుసంటారు. ఎలా తెలుసో చెప్పాలంటే తమ్ముణ్ణి వేలెత్తి చూపించాలి. ఆమె తల దించుకుంది. తప్పు ఒప్పుకుందని వీధి వీధంతా అనుకుంది.

*

మేడ మీద ఆరేసిన దుప్పట్ల వెనక పండు దొరికాడు.

"థాంక్స్ అక్కా," అన్నాడు ఆమెని చూడగానే.

తిట్టినా తట్టుకునేది. ఆ మాట చెంప ఛెళ్ళుమనిపించింది.

"ఏమిట్రా ఆ అబద్ధం?"

"మరేం చెప్పమంటావు? నాన్న మొహం చూశావా?"

అక్కయ్య పిట్టగోడ మీద కూర్చుంది.

"ఆ మనిషి అప్పటికే పోయాడా?"

"మేం వెళ్ళేసరికే పోయాడు. మేం చంపలేదక్కా. నీ మీదొట్టు. మాకంటే ముందు వేరేవాళ్ళు వెళ్ళారు."

"చేతులు కట్టేసి ఉన్నాయి కదరా."

పండు దుప్పటి అంచు పట్టుకుని మడతలు పెట్టాడు. "సిగరెట్టు నేను పెట్టలేదు," అన్నాడు. "వెలిగించానంతే."

అంతే అన్న మాట అతనికే వినబడినట్టుంది. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నవ్వావు," అంది ఆమె.

"అందరూ నవ్వారు. నవ్వకపోతే... అక్కడ ఎలా ఉంటుందో నీకు చెప్పినా తెలీదక్కా. ఆ పూట ఎవడో ఒకడు జోకు వెయ్యకపోతే పిచ్చెక్కిపోయేవాళ్ళం. ఆ మనిషి... అప్పుడు మనిషిలా అనిపించలేదు." దుప్పటి వదిలేశాడు. "ఇవాళ పేపర్లో చూస్తే అనిపించాడు."

అక్కయ్యకి తమ్ముణ్ణి దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది, మెట్లు దిగి వెళ్ళిపోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"అసలు ఫొటో ఉందా ఇంకా?" అన్నాడు. "మసక చెయ్యనిది?"

"ఉంది."

"తీసేస్తావా?"

ఆమె పలకలేదు. ఆ మౌనాన్ని తనకి కావలసినట్టు అర్థం చేసుకుని అతను పెద్దగా ఊపిరి వదిలాడు. చకచకా కిందికి దిగాడు. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టనివాడు, "ఏవోయ్, తినడానికేమన్నా ఉందా?" అని భార్యని కేకేశాడు.

మరదలు కంచం పెట్టింది. ఎదురుగా మాత్రం కూర్చోలేదు.

*

మర్నాటికి ఎదురింటాయన తీసిన వీడియో అన్ని ఫోన్లలోకీ ఎక్కేసింది. రెండు టీవీలు కూడా వేశాయి. అక్కడ పనిచేసి వచ్చిన సైనికుడే దొంగ ఫొటో అంటున్నాడన్నాయి. పత్రికాఫీసులో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎత్తితే బూతులు.

వీడియోలో ఉన్నది ఎవరి తమ్ముడో ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఎడిటరు ఆమె బల్ల దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. "మన నోరు నొక్కేస్తున్నారు బొమ్మలక్కయ్యా. దీనికి ఒకటే మందు. రేపు మసక తీసేసి అసలు ఫొటో వేద్దాం. ఎవరెవరో జనమే గుర్తుపడతారు. కానీ పద్ధతి కాదన్నది నువ్వు. ఇప్పుడూ నీ మాట కాదని వెయ్యను. సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పు."

"చెబుతాను సార్," అంది. ఆయన కళ్ళలోకి చూసి అనలేకపోయింది.

ఆయన అటు వెళ్ళాడో లేదో, కింద నుంచి కబురొచ్చింది. ఎవరో ఆవిడ, ఫొటో వేసినవాళ్ళతోనే మాట్లాడతానని పట్టుపట్టి కూర్చుందట.

అక్కయ్య కిందికి వెళ్ళింది. ఆవిడకి ఇంచుమించు తన వయసే ఉంటుంది. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుందట, ఆ దుకాణం పేరున్న చొక్కాతోనే వచ్చేసింది. మడిచిన పేపరు ఒళ్ళో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ కప్పి ఉంచింది.

"మాది సరిహద్దుకి అవతలివైపు," అంది. "పెళ్ళి చేసుకుని ఇటు వచ్చాను. గొడవలు మొదలయ్యాక మా అమ్మని తెచ్చుకున్నాను. మా తమ్ముడు రానన్నాడు. బడి బస్సు నడుపుతాడు వాడు. పిల్లలకి పరీక్షలయ్యాక వస్తానన్నాడు."

అక్కయ్య ఆవిడ ఒళ్ళోని పేపరు వైపు చూసింది.

"పోల్చుకోవడంలో మీరు... పొరబడి ఉండరు కదా?"

"కనుబొమ్మ మీద మచ్చ ఉంది. చిన్నప్పుడు నేను తలుపు విసురుగా వేస్తే తగిలింది." ఆవిడ పేపరు విప్పలేదు. "వాడికి సిగరెట్టు వాసన పడదండీ. బస్సులో ఎవరైనా ముట్టిస్తే దించేసేవాడు."

అక్కయ్య కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఎందుకు వేశారని అడగడానికి రాలేదు," అందావిడ. "మీరు వెయ్యకపోతే మాకు తెలిసేదే కాదు. వాడెక్కడో ఉన్నాడనుకుంటూ ఏళ్ళు గడిపేసేవాళ్ళం. నేనడిగేది ఒక్కటే. బతికున్న వాళ్ళ మొహాలన్నీ కప్పారు. మావాడి మొహం ఎందుకు కప్పలేదు? చచ్చినవాడికి సిగ్గుండదనా?"

"చట్టప్రకారం..." అని మొదలుపెట్టింది అక్కయ్య.

మీటింగులో అంతమంది ఉన్నారు. అందరూ చదువుకున్నవాళ్ళే. ఆ మొహం సంగతి ఒక్కరికీ తట్టలేదు. తన కళ్ళైతే ఆ నవ్వు మీదే. పక్కన పడి ఉన్న మనిషికి ఒక ఇల్లుంటుందనీ, ఆ ఇంటికీ పేపరు వెళుతుందనీ అనుకోనైనా అనుకోలేదు.

"మా తప్పే," అంది. "నా తప్పు."

"ఒకసారి చూపించండి నాకు. కప్పకుండా ఉన్నది. వాణ్ణి అలా చేసినవాళ్ళెవరో చూస్తాను."

కుదరదని చెప్పడానికి కారణాలు కావలసినన్ని ఉన్నాయి. అక్కయ్య లేచి, ఆవిడని పైకి తీసుకెళ్ళి తన బల్ల దగ్గర కూర్చోబెట్టింది. తెర మీద ఫొటో తెరిచింది. తనకి తానే శిక్ష వేసుకుంటున్నట్టు పక్కనే నిలబడింది.

ఆవిడ ముందు తమ్ముణ్ణి చూసుకుంది. తర్వాత నిలబడ్డ ముగ్గుర్నీ చూసింది. చివరికి కూర్చున్నవాడి దగ్గర ఆగింది. తెరకి దగ్గరగా వంగింది.

"ఇతను..." అంది. "నిన్నటి వీడియోలో దొంగ ఫొటో అన్నతను కాదూ?"

"అవునండీ."

"మీకు ముందే తెలుసా?"

పక్క బల్లల దగ్గర టైపింగు ఆగిపోయింది.

"నా తమ్ముడు," అంది అక్కయ్య. "ఆ మసక చట్టం కోసం వెయ్యలేదండీ. వాడి కోసం వేశాను."

ఆవిడ అరుస్తుందనుకుంది. చెయ్యి చేసుకుంటుందనుకుంది, చేసుకున్నా బాగుండుననుకుంది. ఆవిడ తెర వంక, ఈమె వంక మార్చి మార్చి చూసింది, పోలికలు వెతుకుతున్నట్టు.

"నిన్న పొద్దున పేపరు చూసి మా అమ్మ పడిపోయింది," అంది చివరికి. "పచ్చి గంగ ముట్టలేదు. నిన్న రాత్రి పక్కింటివాళ్ళు ఆ వీడియో చూపించారు. లేచి కూర్చుంది. సైనికుడే చెప్పాడు కదే, వాడు కాదే అది, ఎవరో అల్లారే అంటుంది. ఇవాళ పొద్దున ఇంత తిని, వాడి చొక్కాలు ఉతికి ఆరేసింది. పరీక్షలైపోయాయి, వచ్చేస్తాడు అంటోంది. నాకు నోరు రాలేదు. మీ తమ్ముడి మాటతో ఆవిడ బతికింది. నేనెలా చంపను?"

అక్కయ్య తెర మీది ఫొటో మూసేసింది.

ఆవిడ లేచి నిలబడింది. "మీరు రండి. మీరే చెప్పండి మా అమ్మకి."

ఎడిటరు గది తలుపు తెరిచి ఉంది. ఆయన అంతా వింటూ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆయన మొహం చూసే ధైర్యం చాలక, అక్కయ్య సంచి కూడా తీసుకోకుండా ఆవిడ వెంట మెట్లు దిగింది.

*

దారిపొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. మలుపుల దగ్గర భుజాలు తగిలితే ఇద్దరూ సర్దుకున్నారు.

ఇరుకు మెట్లు, రెండో అంతస్తు. తలుపు తెరిచే ఉంది. వసారాలో తీగ మీద మగవాడి చొక్కాలు వరసగా ఆరుతున్నాయి. ఒక ముసలావిడ వాటి కాలర్లు తడిమి చూస్తోంది.

"అమ్మా, పేపరాఫీసు నుంచి వచ్చారు," అంది కూతురు. గోడకి జారగిలబడింది.

ముసలావిడ తిరిగి చూసింది. మొహంలో ముందు బెరుకు, ఆ తర్వాత మెల్లగా ఒక వెలుగు. తడిచెయ్యి చీరకి తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. అక్కయ్య చెప్పుకోవాలని దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటిదాకా రాలేదు. వంచిన తల ఎత్తలేకపోయింది. కళ్ళ నీళ్ళు బొటబొటా రాలాయి.

"అయ్యో, ఎందుకు తల్లీ ఏడుస్తావు?" అంది ముసలావిడ. ఆమె గడ్డం పట్టుకుని ఎత్తింది. "దొంగ ఫొటో వేశామని చెప్పుకోడానికి ఇంత దూరం వచ్చావా? ఎవరొస్తారమ్మా ఈ రోజుల్లో! పోనీలే. తెలియక చేశావు. నా బిడ్డ క్షేమంగా ఉన్నాడు, నాకంతే చాలు. లోపలికి రా, గుమ్మంలో నిలబడ్డావేం? కూర్చో. మంచినీళ్ళు తాగుతావా?"